తోలేవాడు లేని బండి

పూర్వం ఒక కొండరాజ్యంలో ఆస్థాన వడ్రంగి సోమలింగాచారి చేసిన బండ్లు వాలులో ఆగేవి కావు. చక్రాన్ని పట్టి ఆపాల్సిన అడ్డుకర్ర జారిపోయేది. ఎవరు మొరపెట్టుకున్నా ఆయనది ఒకటే మాట: "బండి బంగారం. తోలేవాడికే చేతకాదు."

బండి బోల్తాపడి కుండలన్నీ పగిలిన కుమ్మరి గవరమ్మ రాజుగారి దగ్గరకు వెళ్లింది.

"ఆచారిగారి మాటే నిజం ప్రభూ! అందుకే ఈసారి తోలేవాడే లేడు. ఎద్దుల్ని విప్పేసి, అడ్డుకర్ర బిగించి, బండిని వాలు మీద నిలబెట్టాను. చక్రం కింద పెట్టిన రాయి తీసేస్తాను. ఆచారిగారు కింద నిలబడితే చాలు."

అందరూ అక్కడికి వెళ్లారు. ఆచారి వాలు కింద బండికి ఎదురుగా నిలబడ్డాడు. గవరమ్మ రాయి మీద చెయ్యి వేసిందో లేదో, ఆచారి పంచె ఎగ్గట్టి పక్క చేలోకి దూకాడు.

"బండి ఇంకా కదల్లేదు ఆచారిగారూ, మీరెందుకు కదిలారు?" అంది గవరమ్మ.

రాజు పకపకా నవ్వాడు. "రాజ్యంలో బండ్లన్నీ బాగయ్యేదాకా ఆచారి కాపురం ఈ వాలు కిందే!"