మిగిలిన దొన్నె

పొద్దు వాలే వేళ. ఆకాశం మూసుకొని ఉంది. గాలి లేదు.

ఎప్పటి మాట అని అడగకండి. ఏటికి వంతెన లేని కాలం. మనుషులు నీళ్ళలో నడిచిపోయి, నీళ్ళలో నడిచి వచ్చే కాలం. ఆ ఏటిగట్టున వన్నూరమ్మ అని ఒక దూదేకులామె అలసంద వడలు వేసేది. మొగుడు లేడు. ముగ్గురు కొడుకులు. దాదావలి, మౌలాలి, కుళ్ళాయప్ప. ముగ్గురూ విల్లు భుజాన వేసుకొని అవతలి ఊళ్ళకు పత్తి ఏకడానికి పోయేవాళ్ళు.

రంజాను నెల వస్తే ఆమెకు ఒక పద్ధతి ఉండేది. తెల్లవారగానే రేవులో కూర్చునేది. ఏరు దాటే ప్రతి మనిషికీ ఒక పిడికెడు అలసందలు కుండలో పోసేది. ఉపవాసం ఉన్నవాడా, లేనివాడా అని చూసేది కాదు. దాటినవాడికి ఒక పిడికెడు. బాగా నానాక పొట్టు కడిగి, పచ్చిమిరపకాయలు, అల్లం వేసి రోట్లో కచ్చాపచ్చాగా రుబ్బేది. ఉల్లిపాయ, కొత్తిమీర తరిగి కలిపేది. పిడికెడుకు మూడు వడలు. మూడు వడలకు ఒక మోదుగాకు దొన్నె. సాయంత్రం మసీదులో బాంగు పిలిచే వేళకు, దాటి వచ్చినవాడి చేతిలో దొన్నె పెట్టేది. ఆ నెలలో ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు.

ఒకటే చిక్కు. ఉపవాసం ఉండి ఆమె ఉప్పు చూసేది కాదు. అందుకని పక్కింటి గంగులమ్మ పేర ఇంకో పిడికెడు పోసేది. గంగులమ్మ వచ్చి చూసేది. ఒక వడ తిని, సరిగ్గా తెలీలేదనేది. రెండోది తిని, చప్పగుందేమో అనేది. మూడోది తిని, సరిపోయింది లే అనేది. ఎవరైనా ఎగతాళి చేస్తే మాత్రం, అంచు కొరికి చూసినానంతే, నేనేమన్నా తిండిపోతునా అని మూతి తిప్పేది.

ఆ సాయంత్రం మూడో వాయి నూనెలో ఉండగా ఎగువన ఎక్కడో వాన పడింది. ఏరు ఎర్రబడింది. చీలమండల నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. మోకాళ్ళ నీళ్ళు నడుముకు వచ్చాయి. అవతలి గట్టున ఉన్నవాళ్ళంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని దిగారు.

వన్నూరమ్మ వడలు తిప్పుతూనే ఉంది. కళ్ళు మాత్రం ఏటి మీదే.

దాదావలి గట్టెక్కాడు. మౌలాలి ఎక్కాడు. కుళ్ళాయప్ప ఎక్కాడు. అప్పుడు ఆమె జల్లిగంటె కింద పెట్టింది.

బాంగు వినిపించింది. ఉపవాసం ఉన్నవాళ్ళు నాలుక మీద ఉప్పు వేసుకొని నీళ్ళు తాగారు. అందరూ తడిబట్టలతోనే కూర్చుని తిన్నారు. అంచులు కరకరలాడే వడలు. బతికి బయటపడినవాళ్ళకు అవి ఇంకా రుచిగా ఉన్నాయి.

వన్నూరమ్మ వడ తుంచి నోటి దాకా తెచ్చుకొని ఆగింది. బండ మీద ఒక దొన్నె మిగిలి ఉంది.

ఎవరు తీసుకోలేదని అడిగింది. అందరూ తమ తమ దొన్నెలు చూపించారు.

లెక్క తప్పింటావు లే అని ఒకరన్నారు. పిడికిలి తప్పదని ఆమె అంది.

ఎవరో ముందే ఇంటికి పోయుంటారని ఇంకొకరన్నారు. వడలు తీసుకోకుండా ఈ ఊళ్ళో ఎవరు పోతారని ఆమె అంది.

మూడో మనిషి నవ్వి, అది గంగులమ్మ ఉప్పు దొన్నె అన్నాడు. మబ్బు చూసిన భయంలో తినడం మరిచిపోయుంటుందన్నాడు. నిజమే అనిపించింది. జనం లేచి బట్టలు పిండుకుంటున్నారు.

గంగులమ్మ లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది.

"అది నాది కాదు. నావి నేను తినేసినా. మూడూ తిన్నా. రోజూ మూడూ తింటా."

ఎవరూ నవ్వలేదు.

ఇంటింటి మనిషినీ తలచుకున్నారు. ఇల్లున్నవాళ్ళందరూ ఉన్నారు. లేనిది ఓబులేసు. ఊరి గాడిదలు కాసే మనిషి. ఈ అరుగు మీద లేకపోతే ఆ అరుగు మీద ఉంటాడనుకునే మనిషి. వాడి కోసం ఎదురుచూసే గడప లేదు.

ఒక కేక వేశారు. బదులు లేదు. ఇంకో కేక వేశారు. లేదు. మూడో కేకకు నడి ఏట్లోంచి సన్నగా బదులొచ్చింది. ఓబులేసు గాడిదపిల్లను కావలించుకొని అక్కడి బండ మీద కూర్చుని ఉన్నాడు. బండ అంచులు మునిగిపోయాయి.

ఆ నీళ్ళలో ఈదగలిగినవాళ్ళు ఊళ్ళో ముగ్గురే. ఆ ముగ్గురూ తల్లి వైపు చూశారు.

 కొడుకుల తలలు ఇంకా ఆరలేదు. వద్దంటే తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె మిగిలిన దొన్నె వైపు చూసింది.

"వానికీ పిడికెడు పోసినా నాయనా. పోండి."

బావి మోకు తెచ్చి ముగ్గురి నడుములకూ కట్టారు. తిన్న చేతులన్నీ ఆ మోకు పట్టుకున్నాయి. గంగులమ్మ అందరికంటే ముందు నిలబడింది. ఏరు లాగింది. జనం లాగారు. వన్నూరమ్మ నీళ్ళ అంచున నిలబడింది. ఏడవలేదు. ఎవరినీ పిలవలేదు.

నలుగురూ వచ్చారు. గాడిదపిల్ల కూడా వచ్చింది. ఓబులేసు పళ్ళు టకటకలాడుతున్నాయి.

"చల్లారిపోయినాయా పెద్దమ్మా?" అని అడిగాడు.

ఆమె ఆ మూడు వడలనూ మళ్ళీ నూనెలో వేసింది. వాడు తిన్నాకే తను తింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది వన్నూరమ్మ. ఒక రంజాను పండగ వెళ్ళాక, నిద్రలోనే పోయింది. పాడె మోసిన నాలుగు భుజాల్లో మూడు కొడుకులవి. నాలుగోది ఓబులేసుది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో ఉపవాసం విడిచే వేళ, ఇంటి ఆడమనిషి గడపలో నిలబడి వచ్చినవాళ్ళను లెక్కపెడుతుంది. దాన్ని వన్నూరమ్మ లెక్క అంటారు. ఇంట్లో ఇద్దరున్నా, పదిమంది ఉన్నా, చివర ఒక దొన్నె విడిగా పెట్టి, వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూస్తుంది. అరుగుల మీద ఎవరున్నా పిలుస్తుంది. వాళ్ళు వచ్చి కూర్చున్నాకే, ఏ ఇంట్లోనైనా ఇవే మాటలతో లెక్క పూర్తి చేస్తుంది.

పెద్దోడు వచ్చినాడు. నడిపోడు వచ్చినాడు. చిన్నోడు వచ్చినాడు. ఇంకొకడూ వచ్చినాడు.