గూటితల్లి వెలసిన విధం

తూర్పు కనుమలలో చామగెడ్డ గూడెం దాటి రెండు కోసుల దూరం కొండ ఎక్కితే, మంచు విడవని అడవి మధ్య గూటితల్లి సన్నిధి కనిపిస్తుంది. ఇక్కడ గోపురం లేదు, ప్రాకారం లేదు. నిలువెత్తు నల్లరాయి, దాని రొమ్ము భాగాన దోసిలంత గుంట, అంతే. ఆ గుంటలో ఏటేటా గుప్పెడంత నీలిపిట్ట నాచుతో గూడు కడుతుంది. ఆకుల మీది పురుగులే దాని ఆహారం. పాట మాత్రం లోయ అవతలి గూడేల దాకా వినిపిస్తుంది.

పూర్వం ఇక్కడి కొండలన్నీ అడవే. చామగెడ్డవారు ఏటికొక వాలు చొప్పున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో సామలు చల్లుకునేవారు. ఒకప్పుడు వరుసగా మూడేళ్లు గొంగళిపురుగు పడి ఒక్క కంకి మిగలలేదు. ఆకలికి పసిపిల్లలు పోయారు. గూడెం పెద్ద లింగన్న దొర చెల్లెలు సింగారమ్మ కూడా పాలు పడక తన తొలిచూలు బిడ్డను పోగొట్టుకున్నది. చివరికి, మిగిలిన ఈ ఒక్క వాలునూ కాల్చి కొత్త నేల తీయాలని పెద్దలు నిశ్చయించారు.

వైశాఖ మాసంలో ఒక ఉదయం సింగారమ్మ కత్తితో తుప్పలు కొట్టుకుంటూ ఈ రాతి దగ్గరకు వచ్చింది. తీగలు తొలగించగానే గుంటలో పిట్ట కనిపించింది. మనిషి అంత దగ్గర నిలిచినా అది ఎగరలేదు. అప్పటికే దిగువన నిప్పు అంటించారు. పొగ కమ్ముకున్నది. అడవిలోని పక్షులన్నీ అరుస్తూ లేచిపోయాయి. ఈ పిట్ట రెక్కలు మరికొంత విప్పి గుడ్లను కప్పుకున్నది. సింగారమ్మ కత్తి కింద పెట్టి, రాతికి ఆనుకొని కూర్చున్నది.

చెల్లెలు రాలేదని లింగన్న దొర పరుగున వచ్చి, "నెగు సెల్లీ, అగ్గి ఎక్కొచ్చేస్తంది" అన్నాడు.

"గుడ్లమీదున్న తల్లి నెగనేదు అన్నా. దాన్నొగ్గేసి నానెలాగ వత్తాను?" అన్నది సింగారమ్మ.

అతడు ఆమెను లాగబోయి పిట్టను చూశాడు. అంతటి మంట ఎదుట దాని గింజంత కన్ను బెదరక నిలిచి ఉన్నది. అతడు పచ్చికొమ్మ విరిచి మంటను కొట్టసాగాడు. అది చూసి గూడెమంతా కదిలింది. అరచేతులు బొబ్బలెక్కినా పొద్దు వాలేవరకు కొట్టారు. మంట రాతికి ఏడడుగుల దూరం దాకా వచ్చి, ఎదురుగాలి తగిలి, కాలిన నేల మీదికే వంగి అణగిపోయింది. పిట్ట గుడ్లమీదే ఉన్నది. నెత్తిన బూడిదతోనే గొంతెత్తి పాడింది. అందరూ ఎక్కడివారక్కడ సాగిలపడ్డారు. ఆ రాతిలో తల్లి కొలువై ఉన్నదని వారికి అప్పుడు తెలిసింది.

ఆ ఏడు కాలిన దిగువ వాలులోనే సామలు చల్లారు. భాద్రపదంలో మళ్లీ గొంగళి పడింది. మూడవనాడు తెల్లవారగానే, మిగిలిన అడవిలోంచి నీలిపిట్టలు గుంపులుగా దిగి, ఒక్కొక్క ఆకునూ వెతికి పురుగులను ఏరి తిన్నాయి. కోతలకు ఇంటింటా గాదె నిండింది. మరుసటి ఏడు సింగారమ్మకు కూతురు పుట్టింది. ఆ వంశపు ఆడపడుచులే నేటికీ ఇక్కడ అర్చన చేస్తున్నారు.

పిట్ట గుడ్లు పెట్టినది మొదలు పిల్లలు ఎగిరేదాకా సన్నిధిలో గంట మోగదు, దీపం వెలగదు. అర్చకురాలు ఏడడుగుల దూరాన ఆగి, ఆకుదొన్నెలో సామల పొంగలి ఉంచి వెనుదిరుగుతుంది. ఎంత దూరం నుంచి వచ్చిన భక్తులైనా అక్కడ ఆగవలసిందే. సంతానం కోరి వచ్చినవారు, బిడ్డను పోగొట్టుకొని వచ్చినవారు అక్కడే కాసేపు కూర్చుంటారు. ఆ రోజులలో తల్లిని దగ్గరగా చూడకుండా తిరిగి వెళ్లినవారికే ఆమె నిండు దీవెన అందుతుందని ఇక్కడి పెద్దల నమ్మకం.