నీళ్ల మీదుగా విసరమన్న నక్క

కొండవాగు ఒడ్డున ఉన్నది ఒక్కటే పనసచెట్టు. దాని కాయల కోసం జంతువులు ఏటా కొట్టుకు చస్తుంటే చూడలేక తాబేలు తాత ఒక ఆట పెట్టాడు. వాగు పొడుగునా తొమ్మిది గుంజలు పాతించి, ఒక్కోదానికి ఒక వెదురుబుట్ట కట్టించాడు. ఎండిన సొరబుర్రను పళ్లెంలా కోసి చేసిన బిళ్లను విసురుకుంటూ వెళ్లి బుట్టలో వెయ్యాలి. తక్కువ విసుర్లలో తొమ్మిదీ ముగించినవాళ్లదే ఆ ఏటి కాపు. బిళ్ల నీళ్లలో పడితే అదనంగా ఒక విసురు లెక్క, మళ్లీ ఒడ్డు నుంచే విసరాలి. దారి చదును, బుట్టలు దగ్గర దగ్గర, కొత్తవాళ్లూ ఆడుకోవచ్చు. చిక్కల్లా మధ్యలో అడ్డొచ్చే మూడు మడుగులతోనే.

మూడేళ్లుగా గెలుస్తున్నది నక్క చెంగయ్య. ఈసారి అతనితో పోటీకి దిగింది ఎలుగుబంటి పోలమ్మ. పైకొండ తగలబడిపోతే ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని దిగివచ్చి నెల కూడా కాలేదు. పిల్లల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఎప్పుడైనా ఆడావా వదినా?" అని అడిగాడు చెంగయ్య.

"లేదు మరిదీ. నువ్వే కాస్త చెప్పాలి."

"చెప్పడానికేముంది? మడుగు ఎదురైతే నీళ్ల మీదుగా తిన్నగా విసిరెయ్. ఒడ్డు పట్టుకుని చుట్టూ తిరిగేది చేతకానివాళ్లు" అన్నాడు, నలుగురికీ వినబడేలా.

పోలమ్మ నమ్మింది. మొదటి మడుగులో రెండుసార్లు బిళ్ల ముంచుకుని, మూడోసారికి ఎలాగో దాటించింది. రెండో మడుగులోనూ పడింది. నడుంలోతు నీళ్లలో దిగి బిళ్ల వెతుక్కుంటూ ఎందుకో వెనక్కి తిరిగి చూస్తే, చెంగయ్య ఒడ్డు వెంట చిన్న చిన్న విసుర్లతో చుట్టూ తిరిగి పోతున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. అరిచి అడుగుదామనుకుంది. కానీ నెల క్రితం వచ్చినదాని మాట ఎవరు వింటారు? బయటికొచ్చి, అక్కణ్ణుంచి తనూ చిన్న విసుర్లే విసిరింది.

ఎనిమిది బుట్టలయ్యేసరికి చెంగయ్య రెండు విసుర్లు ముందున్నాడు. చివరిది అన్నిటికన్నా పెద్ద మడుగు. చూడ్డానికి అడవంతా అక్కడే చేరింది. చెంగయ్య మెల్లగా ఒడ్డు వైపు జరిగాడు.

"మరిదీ" అంది పోలమ్మ, "నాకు ఒక్క మడుగు కూడా సరిగ్గా దాటించడం చేతకాలేదు. ఇదొక్కటి నువ్వు దాటించి చూపించు. చూసి నేర్చుకుంటాను."

"న్యాయమే" అన్నాడు తాబేలు తాత. "పొద్దున నువ్వు చెప్పింది అందరం విన్నాం కదా."

"గాలి ఎదురుగా ఉంది తాతా."

"నాకూ ఎదురుగానే ఉండింది" అంది పోలమ్మ.

చెట్ల మీద కోతులు అప్పటికే కిచకిచమంటున్నాయి. చెంగయ్య చెవులు వేడెక్కాయి. బలమంతా పెట్టి విసిరాడు. బిళ్ల సగం దూరం పోయి నీళ్లలో పడింది. అప్పుడైనా చుట్టూ తిరిగి పోవచ్చు. కానీ అందరి ముందూ అన్న మాట అడ్డుపడింది. రెండోసారీ నీళ్లలోనే. మూడోసారీ అంతే. ఇక లాభం లేదని తోక ముడిచి ఒడ్డు పట్టాడు. బుట్టలో బిళ్ల పడేసరికి ఆ ఒక్కదానికే తొమ్మిది విసుర్లయ్యాయి.

పోలమ్మ తొందరపడలేదు. ఒడ్డు వెంట మూడు చిన్న విసుర్లు విసిరి, నాలుగోదానికి బుట్టలో వేసింది.

"చుట్టూ తిరిగొచ్చావుగా" అన్నాడు చెంగయ్య ఉక్రోషంగా.

"చేతకానిదాన్ని కదా మరిదీ" అని పోలమ్మ పిల్లల్ని పిలుచుకుని పనసచెట్టు వైపు నడిచింది.

తాను నడవని దారిని ఎదుటివాళ్లకు చూపించేవాడు, ఏదో ఒకనాడు నలుగురి ముందూ ఆ దారినే నడవాల్సి వస్తుంది.