ఏడు సముద్రాల అవతల దానిమ్మల లెక్క

అనగనగా మాగాణిపురానికి ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పొరుగు రాజు కూతురు మందారవల్లిని కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల దీవిలో దాచాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదర్రా, చిలకలో ఉంది. ఆ చిలక పంజరంలో ఉంది. పంజరానికి తాళమూ లేదు, తాళంచెవీ లేదు. చిలక అడిగే లెక్కకి జవాబు చెబితే తలుపు తెరుచుకుంటుంది. తప్పు చెప్పినవాడు రాయైపోతాడు.

రాకుమారిని తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. అప్పుడు చిన్నవాడు చంద్రకేతుడు మూడు రొట్టెలు మూటగట్టుకుని బయల్దేరాడు. ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంటే, దాన్ని తిప్పి నిలబెట్టాడు. తాబేలు అతన్ని వీపుమీద ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, అలా అలా ఏడూ దాటింది.

దీవిలో పంజరం, పక్కనే మందారవల్లి, ఇద్దరన్నల రాతిబొమ్మలు. చిలక అడిగింది: "పొద్దున బుట్టలో దానిమ్మలున్నాయి. సగం మా అయ్య కరాళుడు తిన్నాడు. మొత్తంలో మూడో వంతు నేను తిన్నాను. రెండు మిగిలాయి. పొద్దున ఎన్ని? నా కళ్ళలోకి చూసి ఒక్కసారే చెప్పాలి."

"మా అన్నలేమన్నారు?" అని చంద్రకేతుడు మందారవల్లిని అడిగాడు.

"మీ పెద్దన్నగారు సగాన్ని రెండింట ఒకటనీ, మూడో వంతుని మూడింట ఒకటనీ ఇసుకలో రాసి, పై అంకెలూ కలిపారు, కింది అంకెలూ కలిపారు. ఐదింట రెండు వంతులు తిన్నారన్నారు."

"అయ్యో! ఐదింట రెండంటే సగం కూడా కాదే. సగం మాంత్రికుడొక్కడే మింగాడుగా!"

"మీ నడిపన్నగారు ఆరు అన్నారు. మాంత్రికుడు తినగా మిగిలినవాటిలో మూడో వంతు తీశారు."

"చిలక చెప్పింది మొత్తంలో మూడో వంతు కదా! సరే, ఎన్ని పళ్ళో తెలియదు. తెలియకపోతేనేం, రొట్టే బుట్టెడు పళ్ళనుకుందాం."

మొదటి రొట్టెని రెండు ముక్కలు చేశాడు. సగం వచ్చింది, మూడో వంతు రాలేదు. రెండో రొట్టెని మూడు ముక్కలు చేశాడు. మూడో వంతు వచ్చింది, సగం రాలేదు. పనికిరాని ముక్కలన్నీ తాబేలు తినేసి, "కోయి నాయనా, కోయి, నాకేం తొందర లేదు" అంది.

"నీకెందుకుంటుందమ్మా తొందర!" అని మందారవల్లి నవ్వేసింది.

చంద్రకేతుడికి అప్పుడు తట్టింది. పెద్ద ముక్కనీ చిన్న ముక్కనీ కలిపి లెక్కపెడితే ఎలా? ముక్కలన్నీ ఒకే కొలతవి కావాలి. సగానికీ, మూడో వంతుకీ రెండిటికీ సరిపోయేలా మూడో రొట్టెని ఆరు సమాన ముక్కలు చేశాడు. సగమంటే మూడు ముక్కలు, అవతల పెట్టాడు. మూడో వంతంటే రెండు ముక్కలు, అవీ పెట్టాడు. మూడూ రెండూ ఐదు. మిగిలింది ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కే రెండు పళ్ళు. మరి ఆరు ముక్కలకో?

మీరు చెప్పేశారా? చంద్రకేతుడు మాత్రం ముందు సరిచూసుకున్నాడు. పన్నెండులో సగం ఆరు, మూడో వంతు నాలుగు, మిగిలినవి రెండు. అప్పుడు చిలక కళ్ళలోకి చూశాడు.

"పన్నెండు!"

టక్కున తలుపు తెరుచుకుంది. చిలక అతని చేతిలో వాలింది. కరాళుడు పరుగెత్తుకొచ్చి కాళ్ళమీద పడ్డాడు. "నా ప్రాణం, బాబూ! గట్టిగా పట్టుకోకు!"

"ముందు మా అన్నల్ని లేపు. తర్వాత నీ మంత్రదండం విరిచి సముద్రంలో పారెయ్."

వాడు రెండూ చేశాడు. మంత్రం పోగానే వాడి ప్రాణం వాడి ఒంట్లోకే వచ్చేసింది. చిలక ఎగిరిపోయింది. పెద్దన్న కళ్ళు నులుముకుంటూ, "ఐదింట రెండు కాదా?" అన్నాడు.

"ఊరుకో అన్నయ్యా, మళ్ళీ రాయైపోతావు!" అన్నాడు నడిపన్న.

తాబేలే అందర్నీ మళ్ళీ ఏడు సముద్రాలూ దాటించింది. మాగాణిపురంలో చంద్రకేతుడికీ మందారవల్లికీ పెళ్ళి జరిగింది. రాజు పెద్దకొడుకుని సింహాసనం ఎక్కమంటే, "వద్దు నాన్నగారూ. నేను తొందరపడి చెప్పాను, తమ్ముడు సరిచూసుకుని చెప్పాడు. రాజ్యం వాడి చేతిలోనే చల్లగా ఉంటుంది" అన్నాడు. చల్లగానే ఉంది. మునిమనవలు పుట్టేదాకా చంద్రకేతుడూ మందారవల్లీ ఏలారు.

కథ దాని దారిన అది వెళ్ళింది. మీరు కంచాల దగ్గరికి పదండి, అన్నం చల్లారిపోతోంది.