మంగతాయారు మాత్రలు

ఆ పొద్దున పెద్దిరాజు తాలింఖానాకు వచ్చాడు గానీ రాతి గుండు ముట్టుకోలేదు. కుస్తీ గోదా పక్కన అరుగు మీద కూలబడ్డాడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా రోజూ నలభై బస్కీలు తీసే మనిషి. అతను అలా కూర్చోవడం ఉస్తాదు మౌలాలి ఎన్నడూ చూడలేదు.

"ఏరా, ఒంట్లో బాలేదా?"

"నాకేంటండి, రాయిలా ఉన్నాను. మా ఆవిడతోనే ఏగలేకపోతన్నాను. మీరోసారి ఇంటికొచ్చి గట్టిగా నాలుగు మాటలు చెప్పాలండి. మీరంటే దానికి గురి."

సంగతేమిటంటే, నాలుగు నెలల కిందట పెద్దిరాజు భార్య మంగతాయారు పెరట్లో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి పంపిస్తూ డాక్టరు రెండు విషయాలు చెప్పాడు. రోజూ రెండు పూటలా కాళ్లకు కసరత్తు చేయించాలి. దానికి అరగంట ముందు నొప్పి మాత్ర ఇవ్వాలి.

కసరత్తు మాట పెద్దిరాజు చెవికెక్కింది. మాత్ర మాట ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? కుర్రతనంలో కుస్తీలో భుజం కీలు తప్పితే, ఉస్తాదు దాన్ని సరిచేస్తున్నంతసేపూ కిక్కురుమనని మొనగాడాయె. "నొప్పి ఓర్చినవాడికే కండ" అని ఉస్తాదు అన్న మాట యాభై ఏళ్లుగా తలకెక్కించుకుని తిరుగుతున్నాడు. మాత్రల పొట్లం బీరువా మీదకు విసిరేశాడు.

"ఒక్కటి వేసుకుని చేస్తానండీ" అని మంగతాయారు బతిమాలింది. "మాత్రకి అలవాటు పడితే కండ పట్టదే" అన్నాడు. ఏ డాక్టరూ చెప్పని మాట అది. అంత ధీమాగా చెప్పేసరికి పాపం ఆవిడ నమ్మింది.

మొదట్లో పళ్లు బిగబట్టి చేసింది. పదిసార్లు ఎత్తే కాలు అయిదుసార్లకు వచ్చింది, ఆనక రెండుసార్లకు. ఇప్పుడు మొగుడు గదిలోకి వస్తే చాలు, గోడవైపు తిరిగి పడుకుంటోంది. కాళ్లు పుల్లల్లా అయిపోయాయి.

"ఒట్టి బద్దకం అండి. నిన్న కోపం పట్టలేక అరిచేసేను కూడా."

ఉస్తాదు లేచాడు. మేకుకు తగిలించిన చొక్కా అందుకుని, జేబులోంచి మాత్ర ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. వచ్చి పెద్దిరాజు పక్కన కూర్చున్నాడు.

"కాసేపు ఉండు" అన్నాడు.

అరగంట గడిచింది. గోడ మీదున్న ఎండ నేల మీదకు దిగింది. అప్పుడు ఉస్తాదు మోకాలు పట్టుకుని లేచాడు. పిడి ఉన్న రాతి బరువుల్లో అన్నిటికంటే చిన్న సంగిడీ ఒక చేత్తో తీసుకుని, ఇంకో చేత్తో స్తంభం పట్టుకుని, మెల్లగా కిందికీ పైకీ పది బస్కీలు తీశాడు. ఎనభై మూడేళ్ల మనిషి. ముఖంలో ఎక్కడా బాధ కనపడలేదు.

పెద్దిరాజు నోరు తెరుచుకుని చూశాడు. "మీరు... నొప్పి మాత్ర ఏసుకుంటారా అండీ?"

"ఎనిమిదేళ్లయింది. డాక్టరే రాసేడు. అది లేకపోతే ఈ మోకాలితో ఒక్కటీ తియ్యలేను."

"ఎప్పుడూ చెప్పలేదేంటండీ!"

"సిగ్గేసిందిరా. ఓర్చుకోండి, ఓర్చుకోండి అని మీ అందరికీ చెప్పిన నోరు కదా ఇది. ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీరెవరూ రాకముందే మింగేసి కూర్చునేవాణ్ణి."

సంగిడీ కింద పెట్టాడు. 

"నేను నోరు విప్పుంటే ఆ తల్లి ఈపాటికి వీధిగుమ్మం దాకా నడిచుండేది. ఆ పాపంలో సగం నాదేరా."

పెద్దిరాజు తల వంచుకున్నాడు. మంగతాయారు గోడవైపు తిరిగి ఉన్న వీపు కళ్లముందు కదిలింది. నిన్న తాను అరుస్తున్నప్పుడు కూడా ఆ వీపు అలాగే ఉంది. ఎంత తప్పు చేశాడు! 

"మీరు చెప్పినట్టే చేశాననుకున్నానండి" అన్నాడు చివరికి.

"నీ నొప్పి నిన్ను ఓర్చుకోమన్నాను. ఆవిడ నొప్పి కూడా నువ్వే ఓర్చెయ్యమన్నానా?"

పెద్దిరాజు కండువా భుజాన వేసుకుని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఇప్పుడు మొదలెడితే లేస్తుందా అండీ?"

"నాకేం తెలుసు. డాక్టర్ని పిలు. ఇంతకీ నొప్పి ఎక్కడంటుంది? తుంటిలోనా, తొడలోనా, మోకాట్లోనా?"

పెద్దిరాజు జవాబు చెప్పబోయాడు. కాలు ఎన్నిసార్లు ఎత్తిందో, ఏ రోజు ఎన్ని తగ్గిందో అన్నీ గుర్తున్నాయి. ఇది మాత్రం తెలియదు.



"వెళ్లి అడుగు" అన్నాడు ఉస్తాదు.