నూకరత్నం ఫోన్లో ఐస్ పెట్టె కొన్న కథ

అనగనగా సముద్రం ఒడ్డున ఓ ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని చేపలమ్మే ఆవిడ ఉండేది. మహా గడుసుది. ఆవిడతో బేరమాడి గెలిచినవాళ్ళు లేరు. కాళ్ళు దుప్పట్లో పెట్టు, చెప్తాను.

పొద్దున్నే పడవలు రాగానే గంప నింపుకుని వీధివీధీ తిరిగేది. పదింటి దాకా దర్జాగా అమ్మేది. అప్పుడు ఎండెక్కేది. ఎండెక్కితే చేప మెత్తబడుతుంది కదా, మిగిలినవన్నీ సగం ధరకి వదిలెయ్యాల్సి వచ్చేది. పొద్దున వచ్చిన లాభం మధ్యాహ్నం పోయేది. పాపం, ఎన్నేళ్ళని అలా?

అందుకని ఆవిడ ఆకువక్క కూడా మానేసి, నాలుగు వేలు కూడబెట్టి బ్యాంకులో వేసింది, చక్రాలున్న ఐస్ పెట్టె కొనుక్కోవాలని. ఆ డబ్బు కాస్తా పోతే మళ్ళీ పెట్టె మాటెత్తడానికి లేదు. ఊళ్ళో అలాంటి పెట్టె దొరకదు, ఫోన్లోనే కొనాలి. ఫోనేమో ఆవిడ మొగుడు బండెయ్య దగ్గరుండేది. బండెయ్య మంచివాడే గానీ ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. అచ్చం నీలాగే.

మొదటిరోజు బండెయ్య పరుగెత్తుకొచ్చాడు. "రత్తం, ఇటు చూడు. నాలుగు వేల పెట్టె తొమ్మిది వందలకేనట. పది నిమిషాలే టైముంది," అన్నాడు. ఫోన్లో గడియారం టకటకా తిరిగిపోతోంది.

నూకరత్నం నవ్వింది. "మావా, నా చేప నిగనిగలాడుతుంటే నేనెవరినైనా తొందరపెట్టానా? మెత్తబడితేనే కదా, అయిపోతున్నాయి రండమ్మా అని అరుస్తాను. రేపు చూద్దాంలే," అంది. మర్నాడు చూస్తే ఏముంది? అదే పెట్టె, అదే ధర, మళ్ళీ పదే నిమిషాలు. బండెయ్య బుర్ర గోక్కున్నాడు.

ఆ తర్వాత ఇంకో పెట్టె చూపించాడు. "దీన్ని కొన్నవాళ్ళంతా బ్రహ్మాండం అని రాశారే," అన్నాడు.

"గంప పైన మంచి చేపలు పేర్చేదాన్ని నేను. నాకు చెప్తావా? అడుగున చెయ్యి పెట్టు మావా," అంది. అప్పుడు బండెయ్య కింద నుంచి చదివాడు. మూత పట్టదని ఒకరు. చక్రం రెండోరోజే ఊడిందని ఇంకొకరు, ఫోటోతో సహా. వాపసు తీసుకోమంటే పలకడం లేదని మూడో ఆయన తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదులే.

ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని, వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. అడుగు దాకా చదివినా, ఆలస్యంగా వచ్చిందనే తప్ప వేరే వంక లేదు. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి తీసుకుంటారట. పెట్టె గుమ్మంలోకి వచ్చాకే డబ్బు. నూకరత్నం సరే అంది.

మూడోసారి ఏమైందంటే, ఫోను మోగింది. అవతల గొంతు తేనె పూసినట్టుంది. "మీ పార్సిల్ దారిలో ఆగిపోయిందండీ. మీ ఫోనుకి ఆరంకెలు వచ్చుంటాయి, అవి చెప్తే చాలు, సాయంత్రానికి పంపించేస్తాం."

ఆ ఆరంకెలంటే బ్యాంకులో డబ్బుకి తాళంచెవి అన్నమాట. బండెయ్యకా సంగతి తెలీదు. గడగడా నాలుగు చెప్పేశాడు. ఐదోది నోట్లో ఉంది. చేపలు తోముతున్న నూకరత్నం ఆ అంకెలు విని చివ్వున లేచింది. ఆ చేత్తోనే వచ్చి ఫోను లాక్కుంది.

"బాబూ, ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను. చేప ఇస్తాను, డబ్బు తీసుకుంటాను. అంతేగానీ కొనేవాళ్ళ కొంగుముడి విప్పమని నేనెప్పుడూ అడగలేదు. నా ముడితో నీకేం పని?" అని పెట్టేసింది. ఫోనంతా చేప పొలుసులు. బండెయ్య మొహం చిన్నబోయింది. అది చూసి ఆవిడకి జాలేసింది. "పోనీలే మావా, రెండంకెలు మన దగ్గరే ఉన్నాయి, డబ్బూ మన దగ్గరే ఉంది," అంది.

రెండు రోజులకి అసలు పెట్టె వచ్చింది. తెచ్చినతన్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, అతని ముందే అట్ట విప్పింది. మూత వేసింది, తీసింది. బిందెడు నీళ్ళు పోసి చూసింది. చుక్క కారలేదు. అప్పుడిచ్చింది డబ్బు.

మర్నాడు ఒంటిగంట ఎండలో పంతులమ్మ ఒకావిడ ఆపింది. "మిట్టమధ్యాహ్నం చేపలు కదా, సగానికిచ్చెయ్," అంది.

నూకరత్నం మూతెత్తింది. చల్లటి పొగ మొహానికి తగిలింది. "పొద్దుటి చేపలే, పొద్దుటి ధరే. నొక్కి చూసుకోండమ్మా," అంది.

పంతులమ్మ ఓ చందువ చేపని బొటనవేలితో నొక్కి చూసింది. గట్టిగా ఉంది. పొద్దుటి ధరకే రెండు కిలోలు తీసుకుంది.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
చేపేమో చట్టికి,
చింతేమో గట్టుకి.