నాచమ్మ, బూజయ్య కలిసి రాతిపువ్వు అయిన కథ

ఒకప్పుడు కొండ మీద బండలన్నీ బోడిగా ఉండేవి. రాతిపువ్వు అన్న మాటే ఎవరికీ తెలియదు.

ఒక బండ నడుమ చిన్న నీటిగుంట ఉండేది. అందులో నాచమ్మ ఉండేది. ఎండను పట్టి తీయని గంజి కాచుకునేది. పొయ్యి అక్కర్లేదు, కట్టెలు అక్కర్లేదు.

ఆ పక్కనే పడిపోయిన చెట్టుమొద్దులో బూజయ్య ఉండేవాడు. అతనికి వంట రాదు. మొద్దునే తినేవాడు. తెల్లటి సన్నటి దారాలతో మంచుతడిని పట్టి దాచుకోవడం మాత్రం బాగా వచ్చు.

ఒక ఏడు వానలు పడలేదు. గుంట ఎండిపోయింది. బూజయ్య మొద్దు కూడా పొడి పొడి అయిపోయింది.

బూజయ్య మెల్లగా పాకుతూ బండ ఎక్కాడు.

"నాచమ్మా, నా దగ్గర తడి ఉంది. నీకు వంట వచ్చు. కలిసి ఉందామా?"

పక్కనున్న నత్త గొణిగింది.

"నమ్మకు. అంత మొద్దును ఏం చేశాడో చూశావుగా."

"చూశాను. రోజూ నన్ను గీకి తినేది నువ్వని కూడా చూశాను," అంది నాచమ్మ.

నత్త గుల్లలోకి ముడుచుకుంది.

నాచమ్మ బూజయ్య వైపు తిరిగింది. "నన్ను తినేయవని ఏమిటి నమ్మకం?"

"వాన రాగానే నువ్వు వెళ్లిపోవని ఏమిటి నమ్మకం?" అన్నాడు బూజయ్య.

ఎండ మండిపోతోంది.

"సరే. నా మీద కప్పు వెయ్యి. పలచగా వెయ్యి. వెలుగు రాకపోతే గంజి ఉండదు," అంది నాచమ్మ.

బూజయ్య దారాలతో ఆమెను చుట్టి, పైన పలచటి కప్పు వేశాడు. కింద బండను గట్టిగా పట్టుకున్నాడు. ఆమె తడి తాగింది, అతను గంజి తాగాడు. కానీ నాచమ్మ గంజి కొంచెం దాచేది. బూజయ్య ఆ దాచిన చోటు వెతికేవాడు.

ఒకరోజు పెద్ద వాన కురిసింది. గుంట నిండింది. బూజయ్య దారాలు బిగించాడు.

"వదులు. ఊపిరాడడం లేదు," అంది నాచమ్మ.

"వదిలితే పోతావు."

"వదలకపోతే చస్తాను. అప్పుడు నీకు గంజి ఎవరు కాస్తారు?"

బూజయ్య భయపడుతూనే దారాలు సడలించాడు. నాచమ్మ గుంట వైపు చూసింది. నిండుగా ఉంది. పోయిన వేసవికి అది ఎలా ఎండిందో గుర్తుంది. కదలకుండా అక్కడే ఉండిపోయింది.

"ఎందుకు పోలేదు?" అన్నాడు బూజయ్య.

"నిన్ను నమ్మి కాదు. గుంటను నమ్మలేక," అంది నాచమ్మ.

అప్పటినుంచే వాళ్లిద్దరూ ఒకే ఒళ్లుగా బండల మీద బతుకుతున్నారు. మనం దాన్ని రాతిపువ్వు అంటాం. ఎండలో బూడిదరంగులో ఉంటుంది. చినుకు పడితే మాత్రం పచ్చగా మారుతుంది. నాచమ్మ లోపల ఉందో లేదో చూసుకోవడానికి బూజయ్య తన కప్పును అద్దంలా తేటగా చేస్తాడు మరి. ఈనాటికీ అతనికి అనుమానమే.